పదిహేను సెకన్ల పాటకి పద్దెనిమిది వేలు!

"ఏరా, మన వీడియోకి గొంతు పోయిందిరా!"

2024 సంక్రాంతికి సరిగ్గా వారం ముందు, రాత్రి పదింటికి ఆత్రేయపురం నుంచి మా పిన్ని ఫోను. నాకు వెంటనే అర్థం కాలేదు. గొంతు పోవడమేమిటి? ఎవరికి?

"అదేరా, నువ్వు చేసిపెట్టిన పూతరేకుల వీడియో. బొమ్మ ఆడుతోంది, పాట రావట్లేదు. మన ఫోనే పాడైందనుకుని పక్కింటి వాళ్ల ఫోన్లో కూడా చూశాను. అందులోనూ అంతే!"

1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెరకి మాట వచ్చిందని సినిమా సంగతులు రాసుకుని బతికే నాలాంటి వాళ్లం యేటా వొకసారి గుర్తు చేస్తూనే వుంటాం. తొంభై రెండేళ్ల తర్వాత మా పిన్ని వీడియో తిరిగి మూకీ అయిపోయింది! ఆ రాత్రి నవ్వుకున్నాను. మర్నాడు పొద్దున్న వచ్చిన ఈ-మెయిలు చూశాక మాత్రం నవ్వు రాలేదు.

ముందు మా పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడ కింద ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. బోర్లించిన కుండ కింద మంట, కుండ మీద పల్చటి బియ్యప్పిండి జాలులో ముంచిన గుడ్డ... అలా లాగితే యిలా రేకు వస్తుంది. చూడ్డానికి తేలికే, చెయ్యి పెడితే తెలుస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చాక వూళ్లో అందరికీ హుషారొచ్చింది. మా పిన్నికీ వచ్చింది. "నువ్వు సినిమా వాళ్ల మధ్య తిరుగుతావు కదా, నాకో చిన్న వీడియో తీసిపెట్టరా" అంది. తీశాను. ఆ ఏడాది వూరూ వాడా మోగిపోతున్న వొక సినిమా పాటలోంచి పదిహేను సెకన్లు కోసి దానికి అతికించాను. వీడియో ఆడింది. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి ఆర్డర్లు! పండక్కని పిన్ని అప్పు చేసి నెయ్యి కొంది.

అతికించే ముందు వొక అనుమానం రాకపోలేదు. పిన్ని ఖాతా మొదట్లో మామూలు ఖాతా. ఇన్‌స్టాగ్రామ్‌లో పాటల జాబితా తెరిస్తే సినిమా పాటలన్నీ కనిపించేవి. "ఆర్డరు ఇవ్వడానికి బటన్ వుంటే బావుంటుంది" అని నేనే దాన్ని వ్యాపార ఖాతాగా మార్చాను. మార్చిన మర్నాటి నుంచి జాబితాలో సినిమా పాటలు మాయం! యేవో పేరూ వూరూ తెలియని బాణీలు మిగిలాయి. ఫోను తప్పనుకున్నాను. అప్పుడు చేశానండీ అతితెలివి పని... పాటని ఎడిటింగ్ యాప్‌లో వీడియోకి కలిపేసి, మొత్తంగా అప్‌లోడ్ చేసేశాను. దొడ్డిదారన్న మాట! పిన్ని అడిగింది కూడా, "ఎవరైనా ఏమైనా అంటారేమోరా?" అని. "పదిహేను సెకన్లకి ఎవడడుగుతాడు పిన్నీ!" అన్నాను పెద్ద తెలిసినవాడిలా.

అడిగారు. ఆ పాట ఆడియో హక్కులున్న కంపెనీ తరఫున మెయిలు. వీడియో లింకు, తెర బొమ్మ, తేదీ, అన్నీ జత చేసి మరీ పంపారు. వ్యాపార ప్రకటనలో అనుమతి లేకుండా పాట వాడారు గనక అరవై వేలు చెల్లించండి, పదిహేను రోజుల గడువు అని దాని సారాంశం. సెకనుకి నాలుగు వేలన్న మాట! అరవై వేలంటే పిన్ని దగ్గర పనిచేసే వాళ్లందరి కూలి ఎన్ని వారాలకి సరిపోతుందో లెక్కేసుకుని నాకు చెమటలు పట్టాయి.

డిగ్రీలో నాతో చదివి లాయరైన మిత్రుడొకడున్నాడు. వాడి దగ్గరికి పరుగెత్తాను. అంతా విని వాడు తాపీగా, "సెకన్ల లెక్క యే చట్టంలో వుందో చూపించు, యిప్పుడే కేసు గెలిపిస్తాను" అన్నాడు.

లేదండీ! ఏడు సెకన్లు ఫరవాలేదని కొందరు, పదిహేనని కొందరు, ముప్ఫై అని కొందరు... కృష్ణానగర్ టీ కొట్ల దగ్గర రోజూ వినే మాటే యిది. మన 1957 కాపీరైట్ చట్టంలో సెకన్ల ప్రసక్తి లేదు. 52వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి. సొంతానికి వాడుకోవడం, విమర్శ, సమీక్ష, వర్తమాన వార్తలు చెప్పడం... అలాంటివి. పెళ్లి వూరేగింపులో, పెళ్లి సంబరాల్లో పాట వేసుకుంటే తప్పు లేదని కూడా అందులోనే వుంది. మన బ్యాండు మేళాల వాళ్లు ఆ సెక్షన్‌కి దణ్ణం పెట్టుకోవాలి! కానీ పూతరేకులు అమ్ముకోవడానికి పాట వాడుకోవచ్చని ఎక్కడా లేదు.

"వీడియో తీసెయ్. మెయిలుకి మర్యాదగా జవాబు రాయి. నోరు మూసుకు కూర్చుంటే మాత్రం ముదురుతుంది" అన్నాడు మిత్రుడు. అలాగే చేశాం. చిన్న వ్యాపారం, తెలియక జరిగింది, తీసేశాం అని రాశాం. నాలుగు ఉత్తరాలు అటూ యిటూ నడిచాక పద్దెనిమిది వేలకి ఒప్పుకున్నారు. తప్పు నాది గనక డబ్బు నేనే కట్టాను, రెండు వాయిదాల్లో. ఫ్రీలాన్సు విలేఖరికి పద్దెనిమిది వేలంటే ఎన్ని వ్యాసాలో ఈ పత్రిక సంపాదకులకి తెలుసు, మీకు చెప్పను!

ఆ దెబ్బతో నాకు పట్టుదల వచ్చింది. చిన్న వీడియోకి సంగీతం కావాలంటే మామూలు మనిషి యేం చెయ్యాలి? ఉచితంగా దొరికేది తీసుకోవాలా, డబ్బిచ్చి కొనుక్కోవాలా? యీ రెండేళ్లుగా అడిగినవాళ్లందరికీ నేను చెబుతున్న సంగతులే యివి.

అసలు 'పాట' అంటే వొక్క వస్తువు కాదు. రికార్డింగు వేరు, దాని లోపలి సాహిత్యం, బాణీ వేరు. మన దేశంలో రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. సాహిత్యం మీద, బాణీ మీద హక్కు రాసినవారు, కట్టినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 'మాయాబజార్'నే తీసుకోండి. 1957లో వచ్చింది. ఆ యేడే విడుదలైన రికార్డుల గడువు 2017తో తీరింది. "అయితే వాడేసుకోవచ్చన్న మాట!" అని నేనూ సంబరపడ్డాను. ఆగండి. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావుగారు పోయింది 1971లో, అంటే సాహిత్యం హక్కు 2031 ఆఖరు దాకా వుంది. ఘంటసాల మాస్టారు పోయింది 1974లో, బాణీల హక్కు 2034 దాకా. అందులో కొన్ని పాటలకి వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావుగారంటారు. ఆయన 1999లో పోయారు. ఆ లెక్కన 2059! ఆ హక్కు యిప్పుడు వారి వారసుల దగ్గరుందా, నిర్మాతల దగ్గరుందా, రికార్డుల కంపెనీ దగ్గరుందా అన్నది వేరే భాగవతం. ఎవరి దగ్గరున్నా మన దగ్గర మాత్రం లేదు కదా!

"పోనీ భక్తి పాట వేద్దాం, దేవుడి పాటకి హక్కేమిటి?" అంది పిన్ని. అదీ విచారించాను. అన్నమయ్య 1503లో పరమపదించాడు, ఆయన సాహిత్యం అందరిదీ. నిజమే. కానీ మనం యివాళ వినే అన్నమయ్య కీర్తనల్లో చాలావాటికి స్వరాలు కట్టింది యిరవయ్యో శతాబ్దం వాళ్లు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో పోయారు. మాట అయిదు వందల ఏళ్ల నాటిది, వరస మన నాన్నల కాలం నాటిది! త్యాగరాజస్వామి విషయంలో ఆ యిబ్బంది తక్కువ. మాట, ధాతువు రెండూ ఆయనవే, ఆయన 1847లోనే సిద్ధి పొందారు. మీ అమ్మాయి సొంతంగా పాడితే ఎవరూ కాదనరు. యే విద్వాంసుల రికార్డో తెచ్చి వేస్తే మాత్రం ఆ రికార్డు హక్కుదారు వొకరుంటారు.

కట్టినవారి హక్కు ఎంత దూరం పోతుందో మనం చూడని సంగతి కాదు. 2017లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజాగారు లాయరు నోటీసు పంపారు. అప్పుడు మన వాళ్లంతా "స్నేహితుడికి నోటీసా!" అని ముక్కున వేలేసుకున్నారు. 2024లో మలయాళ చిత్రం 'మంజుమ్మల్ బాయ్స్' విషయంలోనూ నోటీసే. ఆయన పద్ధతి నచ్చినా నచ్చకపోయినా వొకటి వొప్పుకోవాలి. మన రచయితలు, సంగీత దర్శకులు చాలామంది వొకసారి డబ్బు పుచ్చుకుని, పాట యావత్తూ రాసిచ్చేసి, అది ముప్ఫై ఏళ్లు మోగుతూ వుంటే బయట నిలబడి విన్నవాళ్లే. 2012లో చట్టాన్ని సవరించాక, సినిమా హాల్లో చిత్రంతో పాటు వినిపించడం తప్ప మిగతా వాడకాలన్నిటి మీదా వాళ్లకి రాయల్టీలో సమాన వాటా దక్కాలన్నారు. దాన్ని వాళ్లు రాసిచ్చేద్దామన్నా కుదరకుండా కట్టుదిట్టం చేశారు. రాజ్యసభలో జావేద్ అఖ్తర్‌గారు దానికోసం గట్టిగా నిలబడ్డారు. ఆ వాటాలు వసూలు చేసి పంచే ఐ.పి.ఆర్.ఎస్. సంస్థ 1969 నుంచీ వుంది. నేను కట్టిన పద్దెనిమిది వేలల్లో ఆ పాట రాసినాయనకి ఎంత ముట్టిందో నాకు తెలియదు గానీ, ఎంతో కొంత ముట్టాలనే నా కోరిక.

"మరి ఆ ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే పాటలు చూపిస్తున్నారు కదా, వాడుకుంటే తప్పేమిటి?" అంటారు మీరు. మంచి ప్రశ్న. 2020 జూన్ 29న మన దేశంలో టిక్‌టాక్‌ని నిషేధించాక, ఆ జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ యిక్కడ దిగాయి. పాటలు లేకపోతే యీ వ్యాపారం నడవదని వాళ్లకి తెలుసు. అందుకే మ్యూజిక్ కంపెనీలతో ముందే ఒప్పందాలు రాసుకున్నారు. మన పాత హెచ్.ఎం.వి.కి వారసురాలైన సరిగమ 2020 జూన్‌లో ఫేస్‌బుక్‌తో ఒప్పందం చేసుకుంది కూడా. కాకపోతే ఆ అనుమతి మీరు మీ పాపాయి పుట్టినరోజుకి పాట వేసుకోవడానికి. సరుకు అమ్ముకోవడానికి కాదు. వ్యాపారానికి వాడితే విడిగా లైసెన్సు తెచ్చుకోవాలని వాళ్ల నిబంధనల్లోనే రాసి వుంది. వ్యాపార ఖాతా కాగానే సినిమా పాటలు మాయమైంది అందుకే. ఫోను తప్పు కాదు, నా తప్పు! పెద్దవాళ్లూ దీంట్లో పడ్డారు. చిల్లీస్ హోటళ్ల మాతృసంస్థ మీద, సోషల్ మీడియా ప్రకటనలో తమ పాట వాడారని బీస్టీ బాయ్స్ బృందం 2024 జులైలో అమెరికాలో దావా వేసింది. లాయర్లని జీతాలిచ్చి పెట్టుకున్న వాళ్లకే తప్పలేదు.

సరే, యిక ఉచితం సంగతి. ఉచితంలో మంచి ఉచితం వుంది, మాయ ఉచితం వుంది. మంచిదాంట్లో మొదటిది యూట్యూబ్ వారి ఆడియో లైబ్రరీ. యూట్యూబ్ స్టూడియోలోకి వెళితే కనిపిస్తుంది. అందులో కొన్నిటికి పేరు కూడా చెప్పనక్కర్లేదు, కొన్నిటికి వీడియో కింద వివరాల్లో కట్టినవారి పేరు రాయాలి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వాళ్లకి సౌండ్ కలెక్షన్ అని వొకటుంది. వ్యాపారానికీ వాడుకోవచ్చు. కాకపోతే అక్కడి బాణీ అక్కడే! అదే వీడియోని తీసుకెళ్లి యూట్యూబ్‌లో పెడితే ఆ అనుమతి వెంట రాదు. మనవాళ్లు వొక్క వీడియో చేసి నాలుగుచోట్ల పెట్టే రకం కదా, చాలామంది కాలు జారేది యిక్కడే.

తర్వాత క్రియేటివ్ కామన్స్. కట్టినవాళ్లే "వాడుకోండి, కానీ మా షరతులివీ" అని ముందే ప్రకటించే పద్ధతి. 2002 నుంచి యీ లైసెన్సులున్నాయి. పక్కన వుండే రెండేసి అక్షరాల్లోనే వుంది కిటుకంతా. 'బి.వై.' అంటే పేరు చెబితే చాలు. 'ఎన్.సి.' అంటే వ్యాపారానికి పనికిరాదు, పూతరేకులకి అసలు పనికిరాదు. 'ఎస్.ఎ.' అంటే మీ వీడియోని కూడా అదే షరతు మీద లోకానికి వదలాలి. 'ఎన్.డి.' అంటే మార్చకూడదు. "మార్చనండీ, వున్నదున్నట్టే వేస్తాను" అంటారా? కుదరదు! బొమ్మకి తగ్గట్టు సంగీతాన్ని జత చేయడమే మార్పు కింద లెక్క అని ఆ లైసెన్సులోనే రాశారు. యిది తెలిసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రీరికార్డింగ్ థియేటర్లో మన సంగీత దర్శకులు తరతరాలుగా చేస్తున్నది అదే గదా... బొమ్మ పక్కన చేరితే బాణీ అర్థమే మారిపోతుంది. లైసెన్సు రాసినవాడెవడో గానీ సినిమా తెలిసినవాడే!

పేరు చెబితే చాలనే రకంలో అమెరికా ఆయన కెవిన్ మెక్లాయిడ్ ప్రసిద్ధుడు. మీరు ఆయన పేరెరగకపోయినా ఆయన బాణీలు వినే వుంటారు. కామెడీ వీడియోల్లో పిల్లి నడకలా వచ్చే సంగీతం సగం ఆయనదే అనిపిస్తుంది. పేరు వేస్తే ఉచితం, పేరు వేయడం యిష్టం లేకపోతే డబ్బు కట్టి లైసెన్సు కొనుక్కోవాలి. నాకీ పద్ధతి ముచ్చటేసింది. పేరుకీ వొక ఖరీదుందని సూటిగా చెప్పాడు మహానుభావుడు.

మాయ ఉచితం మాటకొస్తే, 'నో కాపీరైట్ మ్యూజిక్' అని బోర్డు పెట్టుకున్న చానెళ్లు కోకొల్లలు. ఆ బోర్డు పెట్టినవాడికే ఆ బాణీ మీద హక్కుందో లేదో! వుందనే అనుకుందాం, యివాళ ఉచితమన్నవాడు రేపు మనసు మార్చుకుంటే? యూట్యూబ్‌లో 2007 నుంచి కంటెంట్ ఐ.డి. అనే యంత్రం కాపలా వుంది. హక్కుదారు తన బాణీని అందులో నమోదు చేశాడంటే, అది ఎవరి వీడియోలో వినిపించినా పట్టేస్తుంది. పిక్సబే లాంటి మంచి పేరున్న చోట కూడా కొన్ని బాణీలు అలా నమోదై వుంటాయి. కాకపోతే ఆ విషయం అక్కడ ముందే చెబుతారు, లైసెన్సు ధ్రువపత్రం దింపుకునే వీలూ వుంది. దింపుకోండి! బాణీ దింపుకున్న రోజే ఆ కాయితం కూడా దింపి దాచుకోండి. ఎవరైనా అభ్యంతరం చెబితే మీరు ఎదురు చెప్పొచ్చు, అవతలివారు 30 రోజుల్లో జవాబు చెప్పాలి. కాయితం లేకపోతే ఏమని ఎదురు చెబుతారు?

యిక్కడో మాట. యూట్యూబ్‌లో 'క్లెయిమ్' వచ్చిందని నా మిత్రులు గుండెలు బాదుకుంటారు. అంత భయం అక్కర్లేదు. క్లెయిమ్ అంటే సాధారణంగా ఆ వీడియో మీద వచ్చే డబ్బు హక్కుదారుకి పోవడమో, వీడియో ఆగిపోవడమో. చానెల్‌కి మచ్చ పడదు. ఆ పాట ముక్కని కోసెయ్యడానికి, గొంతు తగ్గించడానికి, వేరే బాణీ వెయ్యడానికి స్టూడియోలోనే సదుపాయాలున్నాయి. 'స్ట్రైక్' వేరు. 90 రోజుల్లో మూడు పడ్డాయంటే చానెల్‌కి మంగళం!

డబ్బిచ్చి కొనుక్కునే సంగీతం కొత్తదేం కాదు. లండన్‌లోని డి వోల్ఫ్ కంపెనీ 1909లో పుట్టింది. మూకీల కాలంలో హాలులో వాయించేవాళ్లకి నొటేషన్లు సమకూర్చేది, టాకీలు వచ్చాక రికార్డు చేసిన బిట్లు అమ్మింది. ఆ వంశంలోవే యివాళ్టి ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటివి. నెలకో, ఏడాదికో చందా కట్టాలి, వేల బాణీల్లోంచి ఏరుకోవాలి. వీటికి 'రాయల్టీ ఫ్రీ' అని పేరు. యీ 'ఫ్రీ' చూసి ఎంతమంది మోసపోయారో! ఊరికే యిస్తారని కాదండీ అర్థం. వొకసారి ధర కట్టాక, వాడినప్పుడల్లా మళ్లీ రాయల్టీ కట్టక్కర్లేదని.

చందా కట్టేముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలని నా అనుభవం. చందా మానేశాక పాత వీడియోల గతేమిటి? మంచి కంపెనీల్లో చందా నడుస్తుండగా ప్రచురించిన వీడియోలకి ఢోకా వుండదు, ఆ తర్వాత కొత్తవి చేయకూడదు. ఎవరి పేరున చందా? నేను నా పేరున చందా కట్టి పిన్ని ఖాతాలో వేస్తే చెల్లుతుందా అన్నది ఆ పథకాన్ని బట్టి వుంటుంది. సొంత చానెళ్లకి వొక ధర, వేరేవాళ్ల వ్యాపారానికి చేసిపెడితే వొక ధర. డబ్బు పెట్టి చేయించే ప్రకటనకి చెల్లుతుందా అన్నది మూడోది. మామూలు వీడియోకి చెల్లే చౌక పథకం ప్రకటనకి చెల్లకపోవచ్చు.

నేను వొక నెల కట్టి చూశాను. అబద్ధం చెప్పకూడదు, సరుకు శుభ్రంగా వుంది. నాలుగు చోట్ల పెట్టినా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రోజూ వీడియోలు చేసి బతికేవాళ్లకి యిదే దారి, సందేహం లేదు. కానీ పూతరేకుల మీద వేస్తే... ఏం చెప్పమంటారు! గిటారు టింగు టింగుమంటోంది, ఎవరో ఈల వేస్తున్నారు. మొన్న అపార్ట్‌మెంట్ల ప్రకటనలో విన్నదీ అలాంటిదే, పళ్ల డాక్టరు ప్రకటనలో విన్నదీ అలాంటిదే. పిన్ని చూసి, "బావుందిరా, కానీ మనది కాదేమో అన్నట్టుంది" అంది. ఇంగ్లీషులో 'ఇండియన్' అని వెతికితే ప్రతిసారీ సితారే. గోదావరి జిల్లా పెళ్లింట్లో సితారు ఎవరు వాయిస్తారండీ!

(కృత్రిమ మేధతో చిటికెలో పాట తయారు చేసుకోవచ్చంటున్నారు. ఆ సంస్థలు తమ పాటలతోనే యంత్రానికి చదువు చెప్పాయని పెద్ద మ్యూజిక్ కంపెనీలు 2024 జూన్‌లో అమెరికాలో సూనో, యూడియోల మీద కోర్టుకెక్కాయి. పద్దెనిమిది వేలు కట్టినవాణ్ణి, నాకంత తొందర లేదు.)

చివరికి దారి దొరికింది మన కృష్ణానగర్‌లోనే. సీరియళ్లకి రీరికార్డింగ్ చేసే కీబోర్డు ఆయన వొకరున్నారు. పేరు రాయొద్దన్నారు. నా గోడు విని పకపకా నవ్వి, "నలభై సెకన్ల బిట్టే కదా, రాజమండ్రి నాదస్వరం ఆయన యిక్కడే వున్నాడు, రేపు కూర్చుందాం" అన్నారు. కూర్చున్నాం. నాదస్వరం, డోలు, కింద కీబోర్డు. కుండ మీంచి రేకు లేస్తున్నప్పుడు వచ్చే సన్నటి చప్పుడు పిన్ని ఫోన్లో రికార్డు చేసి పంపింది. దాన్ని తాళంలా వాడేశారాయన! ఇద్దరికీ కలిపి ఆరు వేలు. సినిమా పాటకి కట్టినదాంట్లో మూడో వంతు.

డబ్బు చేతిలో పెట్టబోతుంటే లాయరు మిత్రుడి మాట గుర్తొచ్చింది. నోటిమాట పనికిరాదు. హక్కు రాసిస్తున్నామన్నా, వాడుకోవడానికి అనుమతిస్తున్నామన్నా రాతపూర్వకంగా వుండాలి. ఎంత కాలానికో రాయకపోతే చట్టం అయిదేళ్లనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. పిన్ని పూతరేకులు డల్లాస్‌కి కూడా పోతాయి! అందుకని కాలం, చోటు, యే పనికి, ఎంత డబ్బు, అన్నీ రాసుకున్నాం. బాణీ హక్కు ఆయనదే, పూతరేకుల వీడియోలకి వాడుకునే అనుమతి పిన్నిది. కాయితం చదివి ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇరవై రెండేళ్లుగా వాయిస్తున్నానండీ. నా చేతికి సంతకం పెట్టిన కాయితం రావడం యిదే మొదటిసారి" అన్నారు. తర్వాత అడిగారు, "వీడియో కింద నాదస్వరం ఆయన పేరు వేస్తారా? నాది లేకపోయినా ఫరవాలేదు" అని.

వేశాం. 2024 ఉగాదికి ముందు వీడియో మళ్లీ వచ్చింది, గొంతుతో సహా. సినిమా పాట అంత జోరుగా ఆడలేదు, ఆ మాట దాచను. సంక్రాంతి దెబ్బకి మిగిలిపోయిన నెయ్యి అప్పు తీరడానికి దసరా దాకా పట్టింది. కానీ నాదస్వరం వినగానే "ఆ పూతరేకుల వాళ్లు!" అనే గుర్తు వొకటి పడింది. పెళ్లి ఆర్డర్లు మొదలయ్యాయి.

మొన్న రాత్రి పదింటికి మళ్లీ పిన్ని ఫోను. గుండె గుభేలుమంది.

"ఒరేయ్, పక్కూరి కాజాల కొట్టు వాడు వాడి వీడియోకి మన నాదస్వరం వేసుకున్నాడురా! మన రేకు చప్పుడుతో సహా! నీకు మెయిలు పెట్టడం వచ్చుగా, పెట్టు వాడికి. అరవై వేలడుగు!"

"పిన్నీ, ఎన్ని సెకన్లు వాడాడు?" అన్నాను.

"పదిహేను!" అంది.

కీబోర్డు ఆయనకి కబురు చెప్పాను. హక్కు ఆయనది గదా, అడగాల్సింది ఆయనే. "ముందు కాజాలు ఎలా వుంటాయో కనుక్కోండి, తర్వాత చూద్దాం" అన్నారు.